ఎవరి ఆది జాకెట్టుతో ఎవరికి కుడుతున్నావు తమ్ముడూ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నాలుగు పేజీలుంది, చదువుతుంటే సగం నవ్వొచ్చింది సగం జాలేసింది. రాసినతనికి 26 ఏళ్ళు, గుంటూరు వైపు చిన్న టౌను, పేరు వద్దన్నాడు. వాళ్ళ నాన్నగారు 30 ఏళ్ళుగా లేడీస్ టైలరు, ఆ చుట్టుపక్కల పెళ్ళి కుదిరిందంటే పెళ్ళికూతురి జాకెట్లు ఆయన దగ్గరికే వెళ్తాయట. ఈ అబ్బాయి ఇక్కడ ఫ్యాషన్ డిజైన్ చదివి, ఇల్లు తాకట్టు పెట్టి 22 లక్షల లోను తీసుకుని, ఇంగ్లండ్‌లో పాతకాలం దుస్తులు ఎలా కత్తిరించేవాళ్ళు ఎలా కుట్టేవాళ్ళు అనే సబ్జెక్టులో మాస్టర్స్ చేస్తున్నాడు. ఫైనల్ ప్రాజెక్టుకి 1770ల నాటి స్టేస్ ఒకటి అప్పటి పద్ధతిలో చేత్తో కుట్టాలి, దాని మీద రిపోర్టు రాయాలి, ఆగస్టు ఆఖరికి ఇచ్చెయ్యాలి. స్టేస్ అంటే తెలియనివాళ్ళు కార్సెట్‌కి నాయనమ్మ అనుకోండి, బట్ట పొరల మధ్య బద్దలు పెట్టి వెనక తాడుతో బిగించే ఆడవాళ్ళ కవచం లాంటి బాడీ.

మొదటి గోల కుట్టుది. మ్యూజియంలో ఉన్న ఒక అసలు స్టేస్‌ని కొలిచి అచ్చేసిన డ్రాయింగు దొరికితే దాన్ని పెద్దది చేసి, అంగుళం తేడా లేకుండా కత్తిరించి, కిట్‌లో వచ్చిన స్టీలు బద్దలు దూర్చి, మిషన్‌తో తాడు కన్నాలకి ఇనప ఐలెట్లు (రింగులు) కొట్టి, నాలుగు నెలలు కష్టపడ్డాడు. డమ్మీకి తొడిగితే వెనక అయిదంగుళాల గ్యాప్, అస్సలు దగ్గరికి రాదు. క్లాస్‌మేట్ ఒకమ్మాయి, అయిదడుగుల రెండంగుళాలుంటుందట, ఆమెకి తొడిగితే అంచులు రెండూ కలిసిపోయాయి, అయినా బిగువు రాలేదు, చంకల కింద గుచ్చుకుంటోంది, నడుం దగ్గర అడ్డంగా ముడతలు, తాడు లాగే కొద్దీ ఒక వైపు పైకి ఒక వైపు కిందకి పోతోంది. గైడు చూసి "ఎందుకిలా వచ్చిందో నువ్వే కనుక్కో" అని వెళ్ళిపోయాడట.

రెండోది ఇంటి గోల. శ్రావణంలో నిశ్చితార్థం. అమ్మాయి ఒంగోలులో బ్యాంకు ఉద్యోగం. నాన్నగారు అవతలి వాళ్ళకి "మావాడు టెక్స్‌టైల్ ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్" అని చెప్పేశారు. ఎందుకలా చెప్పావంటే "ఆడాళ్ళ లోదుస్తులు కుట్టడం నేర్చుకోడానికి ఇల్లు తాకట్టు పెట్టానని చెప్పమంటావా" అని ఫోన్ పెట్టేశారట. ఆ అమ్మాయి వాట్సాప్‌లో "మీ ప్రాజెక్టు ఫొటోలు పంపండి" అని రెండుసార్లు అడిగింది, ఇతను రెండుసార్లూ ఊరి చర్చి ఫొటో పంపాడు. పైగా పిన్నిగారబ్బాయి ఫ్యామిలీ గ్రూపులో "కార్సెట్లేసుకోడానికి పక్కటెముకలు తీయించుకునేవాళ్ళంట, నువ్వు చదివేది అదేనా" అని పెట్టాడట. ఇన్నీ రాసి చివర్లో అడిగింది ఒక్క లైను: "అక్కా, టాపిక్ మార్చేసుకుని ఏదో ఒక కోటు కుట్టి డిగ్రీ తెచ్చుకోనా, లేక మానేసి వచ్చెయ్యనా?"

తమ్ముడూ, నువ్వు నాకే ఎందుకు రాశావో తెలుసు, నేను 20 ఏళ్ళు జాకెట్లు కత్తిరించి ఆ తర్వాత ఒక పీరియడ్ సినిమా కాస్ట్యూమ్స్‌లో దొరసానుల గౌన్లు కుట్టానని ఎప్పుడో ఇక్కడే రాశాను. అప్పుడు నేను చేసిన తప్పులన్నీ నువ్వు వరసపెట్టి చేశావు, అందుకే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు.

ముందు కుట్టు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకనిపించింది ఏంటంటే స్టేస్ సరిగ్గా వచ్చుంటే నీకు టాపిక్ మీద ఈ అనుమానమే వచ్చేది కాదు, అది ఫెయిలయింది కాబట్టే నాన్న మాట కూడా నిజమేమో అనిపిస్తోంది. రెండూ వేరు వేరు.

మన షాపుల్లో కస్టమర్ వస్తే ఏం చేస్తాం? ఆది జాకెట్టు ఇస్తుంది, దాన్ని పరిచి కొలతలు తీసుకుని కొత్తది కుట్టేస్తాం. ఇప్పుడు ఒకావిడ వచ్చి ఎవరిదో జాకెట్టు ఇచ్చి, ఆ మనిషిని మనం చూడలేదు, ఆవిడ పోయి 200 ఏళ్ళ పైనే అయింది, దీన్ని బట్టి మా అమ్మాయికి కుట్టండి అంటే మీ నాన్నగారు ఏమంటారు? నువ్వు చేసింది అదే. మ్యూజియంలో ఉన్న స్టేస్ ఎవరో ఒక మనిషి ఒంటికి కట్ చేసింది. ఇప్పటిలా ఎస్ ఎం ఎల్ సైజులు లేవు, ఎక్కువగా స్టేమేకరు, అంటే స్టేస్ కుట్టేవాడు, ఒంటి మీద కొలిచి, ట్రయల్ వేసి, సుద్దతో గుర్తులు పెట్టుకుని పోయేవాడు. ఆ డ్రాయింగులో ఆవిడ గూని ఉంటే గూని, పొడుగు నడుం ఉంటే పొడుగు నడుం, అన్నీ ఉంటాయి. నువ్వు మిల్లీమీటర్లతో సహా ఆవిడని కాపీ చేసి ఇంకో అమ్మాయికి తొడిగి, అది సరిపోలేదని ఏడుస్తున్నావు.

చంక కింద గుచ్చుకోవడం, నడుం దగ్గర అడ్డం ముడతలు, ఈ రెండూ కలిసొస్తే ఏ టైలరన్నా చెప్పేది ఒకటే, నడుం పొడుగు ఎక్కువైంది. స్టేస్‌కి కింద రెక్కలు చీలి ఉంటాయి కదా, ఆ చీలికలు సరిగ్గా నడుం సన్నగా ఉన్న చోట మొదలవ్వాలి. నీ ఫ్రెండు పొట్టి. చీలికలు ఆమె నడుం కిందకి దిగిపోయాయి, అంటే చీలని బట్ట తుంటి మీద కూర్చుంది, తుంటి దాన్ని పైకి ఎగదోస్తోంది, పైకి వెళ్ళినది చంకలో గుచ్చుకుంటోంది, మధ్యలో మిగిలిన పొడుగు ముడతలు పడుతోంది. అంతే విషయం. నడుం గీత పైన అంగుళమో అంగుళంన్నరో మడిచి పిన్నులు పెట్టి మళ్ళీ తొడిగించు, నీ కళ్ళతో నువ్వే చూస్తావు.

డమ్మీ గోల ఇంకోటి. ఫైబరు డమ్మీకి కండ లేదు, నొక్కితే నొక్కుకోదు. మనిషి ఒళ్ళు నొక్కుకుంటుంది, అందుకే డమ్మీ మీద అయిదంగుళాల గ్యాప్ ఉన్నది మనిషి మీద మూసుకుపోయింది. వెనక రెండంగుళాలు గ్యాప్ మిగిలేలా కట్ చెయ్యాలి, అంచులు కలిసిపోయాయంటే ఇంక బిగించడానికి ఏం లేదు. ఇది గుర్తుంటే ఇంకో విషయం కూడా అర్థమవుద్ది, మ్యూజియం ముక్క నడుం చుట్టుకొలత 22 అంగుళాలు అని రాసుంటే ఆవిడ నడుం 22 అని కాదు, అంచుకి అంచు కలిపి కొలిచారు, ఆవిడ గ్యాప్ వదిలి కట్టుకునుంటుంది. ఇది నీ రిపోర్టులో కచ్చితంగా రాయి.

తాడు లాగితే వంకరగా పోవడం, ఇది నేను సినిమాలో చేసిన తప్పే. అప్పటి వాళ్ళు ఒకే తాడుతో, ఒక చివర ముడేసి, చుట్లు చుట్లుగా ఎక్కించేవాళ్ళు, స్ప్రింగు మెలికలా. దానికి రెండు వైపులా కన్నాలు ఎదురెదురుగా ఉండకూడదు, ఒక వైపువి అర మెట్టు కిందకి జరగాలి. నువ్వు షూ లేసులకి కొట్టినట్టు ఎదురెదురు కొట్టి తాడు మాత్రం పాత పద్ధతిలో ఎక్కించావు. ఒక వైపు ఎక్కకుండా ఎట్లా ఉంటది? ఆ రోజు షూటింగులో దొరసాని వేషం వేసిన అమ్మాయి ఒక భుజం పైకి పెట్టుకుని నడుస్తుంటే కెమెరామెన్ "ఆవిడకి మెడ పట్టేసిందా" అని అడిగాడు, ఇంక నేను తలెత్తలేదు. అసలు ఇనప ఐలెట్లు వచ్చిందే 1820ల్లో, నీ 1770 స్టేస్‌కి అవి ఉండవు, కన్నం పొడిచి చుట్టూ దారంతో కాజా కుట్టినట్టు కుట్టాలి. కన్నం కత్తెరతో కొయ్యకూడదు, దబ్బనంతో పోగులు పక్కకి జరపాలి, పోగు తెగితే లాగిన ప్రతిసారీ పెద్దదవుద్ది. మీ నాన్న కాజాలు ఎన్ని వేలు కుట్టుంటాడో లెక్కేసుకో.

బద్దలు. స్టీలు తీసెయ్యి. అప్పుడు వాడింది వేల్‌బోన్, పేరులో ఎముక ఉంది గానీ అది ఎముక కాదు, కొన్ని రకాల తిమింగలాల నోట్లో పళ్ళ బదులు జల్లెడలా వేలాడే పొరలు, మన గోళ్ళ జాతి సరుకు. కావల్సినంత సన్నగా చీలుతుంది, ఒంటి వేడికి కొంచెం మెత్తబడి మనిషి ఆకారానికి వంగుతుంది. స్టీలు వంగదు, వంగినా ఒంటి మాట వినదు, నీ ఫ్రెండు దగ్గర అది పీపాలా ఎడంగా నిలబడింది అన్నావు చూడు, దానికి కారణం అదే. ఇప్పుడు ఆ తిమింగలాల సరుకు కొనడం అమ్మడం కుదిరే పని కాదు, దాని బదులు ప్లాస్టిక్‌తో చేసిన సింథటిక్ వేల్‌బోన్ దొరుకుతుంది, నువ్వున్న ఇంగ్లండ్‌లో కాస్ట్యూమ్ వాళ్ళు ఎక్కువగా అదే వాడతారు. ట్రయల్‌కి అయితే వైర్లు కట్టే ప్లాస్టిక్ జిప్ టైలు చాలు, నవ్వకు, చాలామంది అవే వాడతారు.

అన్నిటికన్నా పెద్ద తప్పు చేతిలో లేదు, బుర్రలో ఉంది. నువ్వు జాకెట్టు లెక్కలో ఆలోచిస్తున్నావు. మన జాకెట్టు కటోరీ అయినా ప్రిన్సెస్ కట్ అయినా పని ఒకటే, గుండ్రం ఎక్కడుందో అక్కడ డార్ట్ పట్టి, అంటే బట్టని కొనగా మడిచి కుట్టి, గుండ్రం చేస్తాం, ఒంటి వెంట బట్ట పోతుంది. స్టేస్‌లో డార్టే లేదు. బట్ట వెంట ఒళ్ళు పోతుంది. నడుం దగ్గర సన్నగా, పైకి పోయే కొద్దీ వెడల్పుగా ఒక గరాటా, ఛాతీని కింద నుంచి పైకి ఎత్తుతుంది, అంతే, రెండు గుండ్రాలు విడివిడిగా చూపించాలనే ఆలోచన అప్పటి కట్‌లో లేనే లేదు. ఆ గరాటా రావడానికి రెండు సంగతులు కలవాలి, ఒకటి ముక్కలు ఏటవాలుగా కత్తిరించడం, రెండు బద్దలు ఏ దిక్కున పోతున్నాయి అన్నది. ముందు ముక్కలో బద్దలు విసనకర్రలా విచ్చుకుంటాయి, పైన ఛాతీ అంచు లోపల అడ్డంగా కూడా కొన్ని పెట్టేవాళ్ళు, ముందు భాగం పలకలా చదునుగా కాకుండా గుండ్రం నిలబడ్డానికి. 1769లో పారిస్‌లో గార్సో అనే ఆయన టైలర్ల పని మీద పుస్తకం రాశాడు, దాంట్లో ఈ పనంతా బొమ్మలతో సహా ఉంది, అదే కాలం నాటి ఫ్రెంచి దిదెరో ఎన్‌సైక్లోపీడియాలో కూడా స్టేస్ టైలర్ల మీద బొమ్మల ప్లేట్లున్నాయి, నువ్వు ఈపాటికి చూసే ఉంటావు. చూసి వదిలెయ్యకు, ఆ గీతల మీద బట్ట పోగు ఎటు పోతుందో ఆలోచించు. పడుగు ఎటు, పేక ఎటు. లాగుడు పడే దిక్కున పడుగు లేకపోతే నాలుగు రోజుల్లో సాగిపోతుంది, ఇది చీరాల మగ్గం మీద కూర్చున్న పిల్లాడికి కూడా తెలుసు.

వరస కూడా తలకిందులు చేశావు. ముక్కలన్నీ కలిపేసి, లైనింగ్ వేసేసి, తర్వాత బద్దలు పట్టే సందులు కుట్టి బద్దలు దూర్చానని రాశావు. వాళ్ళు ఏ ముక్కకి ఆ ముక్క విడిగా సందులు బ్యాక్ స్టిచ్ వేసి, బద్దలు దూర్చి, అంచులు లోపలికి మడిచి, అప్పుడు రెండు గట్టి అంచుల్ని పక్కపక్కన పెట్టి గట్టి దారంతో చుట్టుకుట్టు వేసేవాళ్ళు. అట్ట ముక్కల్ని కలిపినట్టన్నమాట. దారానికి తేనె మైనం రాయి, లేకపోతే పదో కుట్టుకి తెగుద్ది. లైనింగ్ ఆఖర్న, అది కూడా తేలిగ్గా, ఎందుకంటే చెమటకి పాడయ్యేది అదే, విప్పి మార్చుకోవాలి.

సరే, ఇప్పుడు నీ ముందున్న దారులు. నాకు మూడు కనిపిస్తున్నాయి, ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి వదులుకోవాలి.

అదే 1770 స్టేస్ మళ్ళీ మొదట్నుంచి చెయ్యొచ్చు. ఉన్న టైములో మొత్తం చేత్తో అవ్వదు, నువ్వు నిద్ర మానినా అవ్వదు. కానీ సగం చెయ్యొచ్చు: ట్రయల్ మాత్రం పూర్తిది వేసి మనిషి మీద ఫిట్ చేసి ఫొటోలు తీసి, అసలుది ఒక సగం పూర్తిగా ముగించి, రెండో సగం పొరలు కనపడేలా తెరిచి ఉంచు, ఇక్కడ కాన్వాసు, ఇక్కడ సందులు, ఇక్కడ బద్ద, ఇక్కడ లైనింగ్ వెయ్యకముందు అని. చదువు కోసం చేసేదానికి పూర్తయిన ముక్క కన్నా అదే ఎక్కువ చెబుతుంది. నష్టమేంటంటే గైడు ముందే ఒప్పుకోవాలి, ఫైనల్ షోలో మోడల్ వేసుకుని నడవడానికి నీ దగ్గర ఏం ఉండదు. ఫెయిలైన మొదటిది పారెయ్యకు, దాన్ని పక్కన పెట్టి ఏం తప్పు ఎందుకు జరిగిందో రాస్తే సగం రిపోర్టు అక్కడే అయిపోద్ది.

లేదంటే వందేళ్ళు ముందుకి జరుగు, 1880ల కార్సెట్ తీసుకో. అప్పటికి కుట్టుమిషను వచ్చేసింది, ఇనప ఐలెట్లు వచ్చేశాయి, ముందు వైపు రెండుగా విడిపోయి కొక్కేలతో పెట్టుకునే స్టీలు బస్క్ వచ్చింది, స్టీలు బద్దలూ ఉన్నాయి, నీ కిట్ అంతా అక్కడ పనికొస్తుంది. టైము మిగులుతుంది. కానీ తేలిక అనుకోకు, అది వేరే రకం కట్. దాంట్లో ఆకారమంతా నిలువు ముక్కల అంచుల్లోనే ఉంటుంది. వైపుకి ఆరు ముక్కలు వేసుకో, మొత్తం పది జాయింట్లు, ఇరవై అంచులు, ఒక్కో అంచు దగ్గర ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే నడుం దగ్గర రెండు సెంటీమీటర్లు పోయినట్టే. నీ చెయ్యి మిషన్ మీద అంత కచ్చితమో కాదో నీకే తెలియాలి. ఇంకోటి, నాలుగు నెలలు చేత్తో కుట్టిన దాని మీద నువ్వు నేర్చుకున్నది దీంట్లో ఎక్కడా కనపడదు.

మూడోది అసలు కుట్టకపోవడం. మ్యూజియంలో అపాయింట్‌మెంట్ తీసుకుని ఒక అసలు ముక్కని నువ్వే కొలిచి నువ్వే డ్రాయింగు తీసి దాని మీద రాయడం. పాత దుస్తుల చరిత్ర మీద పనిచేసిన ఇంగ్లీషావిడ జానెట్ ఆర్నాల్డ్ జీవితమంతా చేసింది అదే, ఆవిడ 1998లో పోయినా ఆవిడ పెట్టిన పద్ధతి మీదే ఇప్పటికీ జనం నడుస్తున్నారు. లెస్టర్‌షైర్ మ్యూజియం వాళ్ళ దగ్గర సిమింగ్టన్ కార్సెట్ ఫ్యాక్టరీ కలెక్షన్ ఉంది, 19వ శతాబ్దం మీద అయితే అది గని. నీకు కుట్టు గొడవ ఉండదు. కానీ అపాయింట్‌మెంట్ రేపే దొరకదు, అక్కడ పెన్సిల్ తప్ప పెన్ను కూడా తీయనివ్వరు, పైగా నిన్ను నేను చదివినంతలో నువ్వు చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కే రకం.

కోటు కుట్టి బయటపడటం నాలుగో దారి కాదా అంటావేమో. అవుద్ది, డిగ్రీ వస్తుంది. ఆ కోటు లోపల కాన్వాసు పొర పెట్టి ఛాతీ గుండ్రం నిలబెట్టడం కూడా దీనికి చుట్టరికమే. కానీ నువ్వు అది సిగ్గుతో ఎంచుకుంటున్నావు, ఇష్టంతో కాదు, ఆ తేడా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. మానేసి వచ్చెయ్యడం గురించి ఒక్క మాటే, లోను మానదు.

ఇప్పుడు ఆ లోదుస్తుల సంగతి. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఇది ఆయన వృత్తి లెక్కలోనే చెప్పు. స్టేస్ ఒంటికి తగిలే బట్ట కాదు, లోపల షిఫ్ట్ అని నార బట్ట చొక్కా ఉంటుంది, ఉతికేది అది, స్టేస్ దాని మీద. యూరప్‌లో అది కుట్టుపని వాళ్ళలో పెద్ద పని, మగ టైలర్ల పని. 1675లో పారిస్‌లో ఆడ కుట్టుపని వాళ్ళకి సొంత సంఘం పెట్టుకోడానికి రాజు అనుమతిచ్చినప్పుడు కూడా ఆడవాళ్ళ బట్టలు చాలావరకు వాళ్ళకి వదిలారు గానీ బద్దల బాడీ మాత్రం మగ టైలర్లు వదల్లేదు. 1747లో లండన్ వృత్తుల మీద వచ్చిన పుస్తకంలో ఈ పని ఆడవాళ్ళ బలానికి మించిందని రాసి, మళ్ళీ అదే పుస్తకంలో సందులు కుట్టేది తక్కువ కూలికి ఆడవాళ్ళే అని రాశారు, అది చదివి నేను చాలాసేపు నవ్వుకున్నా. థామస్ పెయిన్ పేరు వినే ఉంటావు, 1776లో అమెరికా స్వాతంత్ర్యం కావాలని కరపత్రం రాసి ఊపేసినాయన, వాళ్ళ నాన్న థెట్‌ఫర్డ్‌లో స్టేమేకరు, ఈయన కూడా 13 ఏళ్ళకి ఆ పనిలోనే కూర్చున్నాడు. స్టేమేకర్ కొడుకు దాచుకోలేదు, నువ్వెందుకు దాచుకోవడం అని నీతి చెప్పట్లేదు, ఆ కాలంలో అది దాచుకునే పనే కాదు అంటున్నా.

పక్కటెముకల సంగతి పెట్టిన పిన్నిగారబ్బాయికి, దానికి ఆధారం లేదని చెప్పు. సిమింగ్టన్ కలెక్షన్‌లో 1856 నుంచి 1910 దాకా ఉన్న 197 కార్సెట్లు కొలిస్తే 18 అంగుళాలది ఒక్కటే వచ్చింది, ఎక్కువ భాగం 20 నుంచి 26 మధ్య, అది కూడా మూసి కొలిస్తే. అట్లాగని కార్సెట్ అమాయకమైన వస్తువని కూడా చెప్పకు. చిన్న పిల్లలకి కూడా కట్టారు, ఫ్యాషన్ కోసం ప్రాణం మీదకి తెచ్చుకునేలా బిగించినవాళ్ళున్నారు, డాక్టర్లు ఏళ్ళ తరబడి దాని మీద గొడవపడ్డారు. రెండూ నిజమే, నువ్వు చదివేది ఆ రెండిటి మధ్య ఏం జరిగిందో బట్టలో చూడటం. పిన్నిగారబ్బాయికి ఇంత వివరం అక్కర్లేదనుకో.

నాన్నగారు అబద్ధం చెప్పింది నీ మీద కోపంతో అని నేననుకోను, భయంతో. ఇల్లు తాకట్టులో ఉంది, కొడుకు చదివేది నలుగురికీ చెప్తే అర్థంకాదు, పెళ్ళి చెడితే ఆ మాట కూడా తన మీదకే వస్తుంది. ఆయన 30 ఏళ్ళు జనం ఆడవాళ్ళ ఒళ్ళు కొలిచి ఒక్క మాట పడకుండా బతికాడు, లేడీస్ టైలర్ అనే పేరుకి మర్యాద ఎంత జాగ్రత్తగా నిలుపుకోవాలో ఆయనకి తెలిసినంత నీకు తెలీదు. ఆ గీత ఎక్కడ దాటుతున్నావో అని ఆయన బెంగ. అది తప్పని నేననను.

ఇంక ఆ అమ్మాయి. ఇక్కడ కూడా నీకు దారులున్నాయి. నువ్వే ముందు చెప్పడం ఒకటి, నాన్న చేత చెప్పించడం ఒకటి, పెళ్ళయ్యాక మెల్లగా చెప్పుకుందాంలే అని ఊరుకోవడం ఇంకోటి. ఊరుకుంటే ఏమవుద్దో నువ్వూహించగలవు, మీ యూనివర్సిటీ వాళ్ళు స్టూడెంట్ల ప్రాజెక్టుల ఫొటోలు పేర్లతో సహా ఎప్పుడో ఒకప్పుడు పెడతారు, బ్యాంకులో పనిచేసే పిల్లకి కేవైసీ నేర్పాలా? రెండుసార్లు చర్చి ఫొటో వచ్చినప్పుడే ఆమెకి ఏదో తేడా ఉందని తెలిసిపోయి ఉంటుంది. నాన్న చేత చెప్పిస్తే పెద్దాయన మాట తప్పినట్టు అవుతుంది, మధ్యవర్తి ఒకడు దూరతాడు, అది పెరుగుద్ది. నువ్వే చెబితే ఆమె కాదనే అవకాశం ఉంది, ఉంది, నేను లేదని చెప్పను. నాన్నగారికి కోపం కూడా వస్తుంది, అందుకని ఆమెకి చెప్పే ముందు ఆయనకి "నేను చెప్తున్నాను" అని ఒక్క ముక్క చెప్పు, పర్మిషన్ అడగక్కర్లేదు, తెలియకుండా మాత్రం చెయ్యకు. చెప్పేటప్పుడు నాన్న అబద్ధం చెప్పాడని మొదలుపెట్టకు. ఆ స్టేస్ ఫొటో పంపు, వంకరగా ఉన్నదే పంపు, ఇది చేస్తున్నా, ఇంకా రాలేదు, ఇంట్లో టెక్స్‌టైల్ అని చెప్పారు గానీ సరిగ్గా చెప్పాలంటే ఇది అని రాయి. ఆమె ఏం అడుగుతుందో చూడు. ఎంత సంపాదిస్తావు అని అడిగితే అది న్యాయమైన ప్రశ్న, కోప్పడకు, నిజం చెప్పు: ఒక్క పాత కార్సెట్ల మీదే బతకడం కష్టం, థియేటర్లు సినిమాలు మ్యూజియం కాపీల పని దొరికితే కాంట్రాక్టు పనే, నెల జీతం కాదు. కానీ ఒంటి మీద ఫిట్టింగు తెలిసినవాడు ఎక్కడైనా బతుకుతాడు. ఇప్పుడు ఇక్కడ లెహంగాల మీదకి కార్సెట్ బ్లౌజులని ఒకటే గోల, బొటిక్‌ల వాళ్ళు పల్చటి శాటిన్‌కి కుట్ల మీద నాలుగు ప్లాస్టిక్ బద్దలు పెట్టి అమ్ముతున్నారు, రెండో ఫంక్షన్‌కే బద్ద బయటికొస్తోంది. మీ నాన్నగారి షాపుకి కూడా ఎవరో ఒకరు ఫోన్‌లో ఫొటో పట్టుకుని వచ్చే ఉంటారు, అడిగి చూడు.

అసలు నాకు అర్థంకానిది ఒకటే, నాలుగు నెలలు ఇది ఎందుకు ఫిట్ అవట్లేదని జుట్టు పీక్కున్నావు గదా, ఆ వీడియో ఒక్కసారైనా నాన్నకి పంపావా? ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయనకి గార్సో తెలీదు, తిమింగలం తెలీదు, కానీ నడుం పొడుగెక్కువైందని పది సెకన్లలో చెప్పేవాడు. మాటలతో అడగొద్దు, గొడవైద్ది. ట్రయల్ తొడిగి ముందు, పక్క, వెనక మూడు వైపుల నుంచి వీడియో తియ్యి. తొడుక్కునే అమ్మాయిని లోపల ఫుల్ చేతుల టీషర్టు వేసుకోమను, ఆయన నిదానంగా చూస్తాడు. ముడతల దగ్గర వేలు పెట్టి చూపించి "నాన్నా ఇక్కడ ఏం చెయ్యమంటావ్" అని మాత్రం అను, పెళ్ళి మాట ఆ రోజు ఎత్తకు. మధ్యాహ్నం రెండున్నరకి చెయ్యి, అప్పుడు షాపులో జనం ఉండరు, మీకు అక్కడ పొద్దున పది అవుద్ది.